చెవిలో మోతకు మందు ఎందుకు రాలేదు? పరిశోధనకు విరాళం ఇస్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, ఎందుకంటే ఈ మోతను (టిన్నిటస్‌ను) పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు, పరిశోధన తప్ప వేరే దారీ లేదు.

ఆలస్యానికి పెద్ద కారణం కొలత లేకపోవడం. షుగర్‌కి రక్తపరీక్ష ఉంది. ఈ మోత ఎంతుందో మాత్రం రోగి చెప్పాల్సిందే, ప్రశ్నావళిలో మార్కులు వేయాల్సిందే. పోలిక కోసం ఉత్తుత్తి మందు (ప్లాసిబో) ఇచ్చినవారికీ ఆ మార్కులు మెరుగవుతాయి గనక అసలు మందు పనిచేసిందో లేదో తేల్చడం చాలా కష్టం. చెవిలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చిన ఏఎం-101 అనే ఎస్‌కెటమిన్ జెల్ మూడో దశ పరీక్షల్లో ఉత్తుత్తి మందును మించలేకపోయింది.

బెంగళూరు పీణ్యలో ప్రెస్ మెషిన్ల దగ్గర ఏళ్లతరబడి పనిచేసినవారిని తీసుకోండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతిని, వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో (ఆడియోగ్రామ్‌లో) సాధారణంగా 3000–6000 హెర్ట్జ్ మధ్య గుంట పడుతుంది. అక్కడి నుంచి సంకేతాలు తగ్గేసరికి, స్టేషన్ అందని రేడియోకి వాల్యూమ్ పెంచినట్టు మెదడు తన సున్నితత్వం పెంచుకుంటుంది. ఆ గరగరే మోత అన్నది నేడు బలంగా ఉన్న వివరణ.

జబ్బంతా చెవిలోనే ఉందని, శ్రవణనాడి కోసేస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. నాడి కోసిన తర్వాత కూడా ఎంతోమందికి మోత ఆగలేదు. గులిమి అడ్డుపడటం, ఇన్ఫెక్షన్ లాంటివి లేకపోతే చుక్కల మందుకు పెట్టే డబ్బు వృథాయే.

మోతను మెదడు సంకేతాల్లోంచి కొలిచే పనికి విరాళం ఇవ్వడం నా దృష్టిలో అన్నిటికంటే మేలు. మందు పరీక్షకైతే, అది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా, ఉత్తుత్తి మందు తీసుకునే గుంపు ఉందా అని ముందే అడగండి.