స్టేజీ ఎక్కబోతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

రికార్డింగుకీ స్టేజీకీ పనికొచ్చే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొంటున్నావట. ఏది కొనాలో తేలక నెల రోజులుగా వీడియోలు చూస్తూ కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. గర్వంగా కూడా ఉందిలే, ఆ మాట ముందే చెప్తున్నా, ఎందుకంటే కింద తిట్లున్నాయి.

చిన్న విషయాలు ముందు తేల్చేస్తా. మైకునీ వాయిద్యాన్నీ కంప్యూటరుకి కలిపే పెట్టె ఉంటుంది చూడు, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు, మంచిది తీసుకో. విండోస్ అయితే దానితో వచ్చే ఏసియో డ్రైవరే వాడు, శబ్దం ఆలస్యం కాకుండా చూసేది అదే. 24 బిట్‌లో రికార్డ్ చెయ్యి, గొంతు గట్టిగా ఎత్తినా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్, అంటే మైకు శబ్దాన్ని లోపలికి తీసుకునే మోతాదు, పెట్టుకో. బ్యాకప్ రెండు చోట్ల. అంతే.

ఇక సాఫ్ట్‌వేర్. "ఏది బెస్ట్" అని అడుగుతావేంట్రా, స్టేజీ మీద నువ్వు చేసే పనేంటో ముందు చెప్పు. పాటని ముక్కలుగా పెట్టుకుని, జనం ఊపుని బట్టి ఇది ఇంకోసారి, అది తర్వాత అని అక్కడికక్కడ నడిపించాలంటే ఏబుల్టన్ లైవ్. 2001లో వచ్చినప్పుడే అది స్టేజీని దృష్టిలో పెట్టుకుని చేసింది, పాట ముక్కల్ని గళ్లలో పేర్చి చూపించే ఆ సెషన్ వ్యూ అలవాటైతే వదలబుద్ధి కాదు. కాకపోతే చిన్న ఎడిషన్లలో ట్రాకులకి, అంటే ఒక్కో గొంతుకీ వాయిద్యానికీ ఇచ్చే వరుసలకి, పరిమితి ఉంటుంది, లైట్‌లో 8, ఇంట్రోలో 16, చూసి కొను. కీబోర్డు మీద ఒక్కో పాటకి ఒక్కో సౌండు మార్చుకుంటూ వాయించడమే నీ పని అయితే, మ్యాక్ ఉంటే మెయిన్‌స్టేజ్ చాలు. రికార్డింగు అదే ఆపిల్ వాళ్ల లాజిక్‌లో చేసుకోవచ్చు, రెండూ బాగా కలిసిపోతాయి. డబ్బులు చూసుకునేవాళ్లకి రీపర్ చెప్తాను నేను, తేలిగ్గా ఉంటుంది, ఏ కోతా లేకుండా 60 రోజులు వాడి చూడొచ్చు. చూడ్డానికి కాస్త బండగా ఉంటుంది, ఉండనీ. ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లు ఊరికే ఇస్తారు, బీట్లు కట్టేవాళ్లకి ప్రాణం. వెనకాల ట్రాక్ ప్లే అవుతుంటే పాడటమే అయితే ఇవేవీ అక్కర్లేదు, చిన్న ప్లేయర్ చాలు. ఆ మాట మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు.

నిజానికి ఏది కొన్నా రికార్డింగు బాగానే అవుతుంది. నా భయమంతా స్టేజీ గురించే. ఎందుకో నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి నీకు ఆరేళ్లు.

నేనప్పటికే చాలా ఏళ్లుగా రికార్డింగులు చేస్తున్నాను. కాబట్టి అది తెలియక చేసిన తప్పు కాదు, పొగరు. ఒక పాటకి అరవై ట్రాకులు పెట్టి, మిక్స్ చేసి, మురిసిపోయి, ఇంట్లో ఇంత బాగా మోగింది కదా అని అదే ప్రాజెక్టు లాప్‌టాప్‌లో పెట్టుకుని ప్రోగ్రామ్‌కి వెళ్లిపోయాను. మిక్సింగులో చేతిలో ఉండేది మౌసేగా, బఫర్, అంటే కంప్యూటరు ఒక్కో విడతకి పోగేసి పంపే శబ్దపు ముక్కల (శాంపుల్స్) లెక్క, 1024లో ఉన్న సంగతే పట్టలేదు. సెకనుకి 44,100 శాంపుల్స్ రేటులో అదొక్కటే 23 మిల్లీ సెకన్ల ఆలస్యం. అంటే నీ కీబోర్డు శబ్దం ఎనిమిది మీటర్ల అవతల ఉన్న స్పీకర్లోంచి వస్తున్నట్టు. వేలు ఇక్కడ పడుతోంది, స్వరం ఎక్కడో వెనకాల నడిచొస్తోంది. డ్రమ్స్ వాయించే అబ్బాయి నన్ను అందుకోవడానికి కాస్త తగ్గాడు. అతను తగ్గాడని నేను తగ్గాను. రెండో చరణానికి పాట ఎడ్లబండి అయింది.

అక్కడైనా ఊరుకోవాలా? పాట మధ్యలో ఒంటి చేత్తో సెట్టింగులు తెరిచి బఫర్ 64కి దించాను. అరవై ట్రాకుల్ని 64తో లాగడం ఆ ముసలి లాప్‌టాప్ వల్ల అవుతుందా, పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలు. పైగా ఆలస్యం పూర్తిగా పోనూ లేదు. తర్వాత తెర తెల్లబడింది. తర్వాత ఏమీ లేదు. పాడే ఆవిడ ఆపకుండా ఒక్కత్తే పాడుతుంటే, నేను రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని చప్పుడు రాని మెట్లని చూస్తూ కూర్చున్నాను. పక్క తెర వెనక నుంచి నువ్వొచ్చి నా కొంగు లాగి, "అత్తా, పాట అయిపోయిందా?" అన్నావు. అయిపోయింది నాన్నా అన్నాను.

ఆలస్యం ఎందుకు పోలేదో చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద బేస్, ట్రెబుల్ సరిదిద్దే లీనియర్ ఫేజ్ ఈక్యూ ఒకటి, ముందు రాబోయే శబ్దాన్ని చూసుకుని అది హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఒకటి వదిలేశాను. అవి పనిచేయడానికే కొంత సమయం దాచుకుంటాయి, బఫర్ ఎంత దించినా అది పోదు. మిక్సింగులో అవి బంగారం, స్టేజీ మీద కాళ్లకి రాళ్లు.

అందుకే, ఒకే సాఫ్ట్‌వేర్ వాడు, కాదనను, ప్రాజెక్టులు మాత్రం వేరు పెట్టుకో. రికార్డింగు పూర్తయ్యాక తయారైన ట్రాకుల్ని నాలుగైదు వేవ్ ఫైళ్లుగా బయటికి తీసి, స్టేజీకి ఖాళీ ప్రాజెక్టు తెరిచి అవే పడెయ్యి, చేత్తో వాయించేవి మాత్రం లైవ్‌గా ఉంచు. బఫర్ 128 దగ్గర పెట్టి, వైఫై ఆపేసి, ప్రోగ్రామ్ ఎంతసేపో అంతసేపూ ఇంట్లో ఆపకుండా వాయించి చూడు. మొదటి పాట కాదురా, చివరిదాకా. లాప్‌టాప్ వేడెక్కాకే దాని గుణం బయటపడేది. ట్రయల్ వెర్షన్ ఉన్నది అందుకే, రంగులు చూసి మురవడానికి కాదు.

ఆ వేవ్ ఫైళ్లని ఎలాగూ దాచి ఉంచు. 2002లో ఆపిల్ లాజిక్‌ని చేసే కంపెనీని కొనేసింది, విండోస్‌లో లాజిక్ వాడుకునేవాళ్ల దారి అక్కడితో మూసుకుపోయింది. ప్రాజెక్టు ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ బతికున్నంత కాలమే తెరుచుకుంటుంది, వేవ్ ఎక్కడైనా మోగుతుంది. మనసు పోసి పాడిన పాట నీకే తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో నువ్వు చూడకూడదని నా ఆశ.

ఇంకోటి, ఫోనులో కూడా అవే ట్రాకులు పెట్టుకుని, మిక్సర్‌కి కలిపే వైరు జేబులో ఉంచుకో. నా సంచిలో ఇప్పటికీ రెండున్నాయి, వాయించడం తగ్గించి ఎన్నాళ్లయిందో తెలిసి కూడా. నవ్వితే నవ్వు.

హెడ్‌ఫోన్స్‌లో సౌండు తగ్గించుకో నాన్నా. రాత్రంతా పెట్టుకుని కూర్చుంటున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. నా ఎడమ చెవిలో ఈల మోగడం మొదలై చాలా కాలమైంది, ఎవరికీ చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు.

ప్రోగ్రామ్ ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తా. భోంచేశావా అని అడగను. అప్‌డేట్ ఏదైనా నొక్కావా అని అడుగుతా. నొక్కానన్నావో, ఆ రాత్రికే వచ్చేస్తా.

మీ అత్త