కొండ మీద పాక బడి, పాస్టరు గారి పాఠాలు: ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న కొండ మీది చిన్న గూడెం. మేము కోదు తెగ వాళ్లం. ప్రభుత్వ బడి కొండ కింద నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో గెడ్డ (కొండవాగు) దాటాలి కాబట్టి వానాకాలంలో పిల్లలు వెళ్లలేరు. మూడేళ్లుగా ఒక మిషన్ తరఫున పాస్టరు గారు వచ్చి నా పొలంలోని పాకలో ఆదివారం ప్రార్థన జరుపుతున్నారు. మిగతా రోజుల్లో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పిల్లలకు తెలుగు, లెక్కలు చెబుతున్నారు. గెడ్డ అవతలి ఒడిశా ఊళ్లకూ వెళ్తారు. మా కుటుంబం బాప్తిస్మం తీసుకుంది. పిల్లలు ప్రార్థనకు వెళ్తే ఎస్టీ సర్టిఫికెట్లు రద్దవుతాయని, పాస్టరు గారి మీద మతమార్పిడి కేసు పెడతామని కింది ఊరి పెద్ద ఒకరు బెదిరిస్తున్నారు. ఇంకోవైపు, విదేశీ దాతల డబ్బుతో పక్కా బడి కడతాం, నీ ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టా భూమిలో పది సెంట్లు మిషన్ పేర రాసివ్వమని పాస్టరు గారు అడుగుతున్నారు. మా అన్నయ్య కూతురిని, మరో ఇద్దరు పిల్లలను మైదాన ప్రాంతంలోని మిషన్ హాస్టల్‌లో చేర్చారు. మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పాడేరు ఏజెన్సీ

సమాధానం: మీ భయమంతా ప్రార్థన గురించే ఉంది. చట్టం నిజంగా పట్టుకునేవి ఆ పది సెంట్ల కాగితం, బడి రిజిస్టరు, మైదానంలోని హాస్టల్. వాటి గురించి మీరు ఒక్కో వాక్యంలో చెప్పి వదిలేశారు. ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చి వాటి దగ్గరకు వస్తాను.

మతం మారితే రిజర్వేషన్ పోతుందన్న మాట ఎస్సీలకు సంబంధించినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 సవరణతో సిక్కులు, 1990 సవరణతో బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా గుర్తింపు పొందుతారు. అందుకే మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సి కింద చూస్తారు. షెడ్యూల్డ్ తెగలకు 1950లోనే విడిగా వచ్చిన ఉత్తర్వులో మతం షరతే లేదు. కోదు తెగలో పుట్టిన బిడ్డ చర్చికి వెళ్లినా, గుడికి వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా ఎస్టీయే. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలని కొన్ని సంఘాలు ఆందోళన చేస్తున్న మాట నిజం. డిమాండు ఉన్నంత మాత్రాన చట్టం మారదు.

ఒక మెలిక మాత్రం తెలుసుకోండి. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని చెబుతూనే, ఆ కుటుంబం తెగ ఆచారాలతో, కట్టుబాట్లతో ఇంకా ముడిపడి ఉందా అన్నది సాక్ష్యాలతో తేల్చాల్సిన విషయమని అంది. కాబట్టి ఇటుకల పండుగకు ఊరంతా కలిసినప్పుడు మీరూ కలవండి. పెళ్లిళ్లు, చావులు, కుల పంచాయతీల్లో మీ కుటుంబం ఎప్పటిలాగే కనిపించాలి. మొక్కడం, మొక్కకపోవడం మీ ఇష్టం. ‘మేము ఇక కోదులం కాము, క్రైస్తవులం’ అని ఏ కాగితంలోనూ రాయకండి. దరఖాస్తులో మతం గడి ఉంటే ఉన్నది ఉన్నట్టు నింపండి. ఆ కారణం చూపి సర్టిఫికెట్ నిరాకరిస్తే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. చాలాచోట్ల వ్యవహారం అక్కడితోనే సర్దుకుంటుంది. ఇచ్చిన సర్టిఫికెట్‌ను రద్దు చేయాలంటే 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి. ఊరి పెద్ద నోటిమాటతో రద్దయ్యేది కాదు.

ఇక కేసు బెదిరింపు. ఆంధ్రప్రదేశ్‌లో మతమార్పిడి నిరోధక చట్టం లేదు. 2007లో తెచ్చిన చట్టం ఒకటి ఉంది కానీ, అది తిరుమల వంటి ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని ఆపడానికి వచ్చింది. మీ పొలంలో, మీ అనుమతితో, మైకుల గోల లేకుండా జరిగే ప్రార్థన నేరం కాదు. తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తోంది. అయితే ఎదుటివారిని మార్చే హక్కు ఆ ప్రచార హక్కులో లేదని 1977లోనే సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. పాస్టరు గారు జాగ్రత్తపడవలసింది నోటి విషయంలో. మీ ఊరి దేవతను దయ్యమనీ, పండుగను సైతాను పండుగనీ పిల్లల ముందు అంటే, మత భావాలను కావాలని కించపరిచారంటూ భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

గెడ్డ అవతల పరిస్థితి వేరు. ఒడిశాలో 1967 నుంచే మతమార్పిడులపై చట్టం ఉంది. ఒత్తిడి, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడం అక్కడ నేరం. మార్చింది మైనర్లనో, మహిళలనో, ఎస్సీ ఎస్టీలనో అయితే శిక్ష రెండేళ్ల దాకా జైలు. మతమార్పిడి క్రతువు జరిపే ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలన్న నియమం కూడా ఉంది. ఉచితంగా ఇచ్చే పలక, భోజనం కూడా ప్రలోభమేనని అక్కడ వాదించవచ్చు. అవతలి ఊళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పే ముందు పాస్టరు గారు కోరాపుట్‌లో ఒక న్యాయవాదిని కలవడం మంచిది.

పాక బడి గురించి కొంచెం కటువుగా చెప్పాలి. ఆయన మంచి మనసుతోనే చెబుతున్నారు, సందేహం లేదు. ఈ కొండల్లో చాలా ఊళ్లకు మొదటి అక్షరం మిషన్ల ద్వారానే చేరిందన్నది చరిత్ర. 19వ శతాబ్దంలోనే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య, తర్వాత సాలూరు, కోరాపుట్ వైపు మిషనరీలు పని చేశారు. అప్పుడు ప్రభుత్వానికి బడి పెట్టాల్సిన బాధ్యత లేదు. ఇప్పుడు ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా, ఆపకపోతే రోజుకు పదివేల దాకా జరిమానా వేయవచ్చు. బడి వేళల్లో, రోజూ, బడికి బదులుగా నడిచే పాకను అధికారులు ట్యూషన్ అనుకోరు. ‘మాది మైనారిటీ సంస్థ, మాకు ఆ చట్టం వర్తించదు’ అని మిషన్ వారు అనవచ్చు. 2014 సుప్రీంకోర్టు తీర్పు అలాగే చెప్పింది. అది సరైనదేనా అన్న ప్రశ్నను 2025లో మరో ధర్మాసనం పైకి నివేదించింది. ఆ తీర్పు నిలిచినా, రాష్ట్ర విద్యా చట్టం కింద అనుమతి తీసుకోక తప్పదు.

జరిమానా కన్నా పెద్ద నష్టం వేరే ఉంది. ఆ పిల్లల పేర్లు ప్రభుత్వ బడి రిజిస్టరులో లేకపోతే మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, తల్లికి వందనం పథకం డబ్బు ఏదీ రాదు. రేపు ఆశ్రమ పాఠశాలలో చేర్చాలన్నా చూపడానికి రికార్డు ఉండదు. మీ ఊళ్లో బడి ఈడు పిల్లలే లేరని కాగితాలు చెబుతుంటే మీకు బడి ఎందుకు ఇస్తారు? అందుకని ముందు పిల్లలందరినీ కొండ కింది బడిలో చేర్చండి. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోతే విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చూపండి. పదేళ్లు వచ్చినా బడి మొహం చూడని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. ఆ తర్వాత గ్రామసభలో తీర్మానం చేయండి. ప్రాథమిక బడి ఒక కిలోమీటరు దూరంలో ఉండాలన్నది సాధారణ నియమం. చిన్న గూడేలకు అది కుదరకపోతే రవాణా లేదా వసతి ప్రభుత్వమే చూడాలి. గెడ్డ పొంగే నెలలను తీర్మానంలో పేరుపేరునా రాయండి. పిల్లల జాబితా జతచేసి పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవో గారికి గ్రీవెన్సులో ఇవ్వండి, ఒక ప్రతి మండల విద్యాధికారికి (ఎంఈవో) ఇవ్వండి, రసీదు తప్పక తీసుకోండి. మీ పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి భాష అయితే, కువి వచ్చిన బోధకుడు కావాలని కూడా అందులోనే అడగండి. పాస్టరు గారు సాయంత్రం పూట పాఠాలు నిక్షేపంగా చెప్పుకోవచ్చు. ప్రార్థనకు రాని ఇంటి పిల్లలు కూడా అక్కడ చదువుకోవడానికి వీలుండాలి. ప్రార్థన వేళ వేరు, పాఠం వేళ వేరు అని ఊరంతటికీ తెలియాలి.

భూమి విషయంలో మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మడం, దానమివ్వడం, లీజుకివ్వడం అన్నీ 1/70 (ఏజెన్సీ భూ బదలాయింపు నిబంధన) కింద చెల్లవు. మిషన్ సొసైటీ అయినా, ట్రస్టు అయినా అంతే. పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే మినహాయింపు. మీది ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా కాబట్టి ముడి ఇంకా బిగుసుకుంది. అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్ ప్రకారం అది వారసులకు వస్తుంది తప్ప ఎవరికీ బదిలీ కాదు. ‘పాస్టరు గారు కూడా గిరిజనులే’ అన్నా కుదరదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, ఊరి పెద్దల వేలిముద్రలు వేయించి, మధ్యలో గుండ్రటి రబ్బరు ముద్ర కొట్టిన దాన పత్రాలు నా దగ్గరకు తరచూ వస్తుంటాయి. చూడటానికి ఘనంగా ఉంటాయి, కోర్టులో చిల్లిగవ్వకు కొరగావు. చివరికి మిషన్ కట్టిన భవనమూ చిక్కుల్లో పడుతుంది, మీ పట్టా మీదా విచారణ వస్తుంది. పాక మీ పేరనే, మీ పొలంలోనే, ఏ కాగితమూ లేకుండా ఉండనివ్వండి.

విదేశీ డబ్బు మీరు మోయాల్సిన బరువు కాదు. మీ బ్యాంకు ఖాతాలో మాత్రం వేయనివ్వకండి. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అలా వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. అమెరికాలో ఉన్న మన తెలుగువారు పంపినా, వారు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది హాస్టల్ మాట. మీ అన్నయ్య ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో ముందు అడగండి. ఖాళీ కాగితం మీద వేయించుకుని, తర్వాత ‘తల్లిదండ్రులు పోషించలేక అప్పగించారు’ అని రాసుకునే చోట్లు ఉన్నాయి. తల్లీ తండ్రీ ఉన్న పిల్ల ఫొటో కింద ‘అనాథ’ అని రాసి దాతలకు పంపే చోట్లూ ఉన్నాయి. మంచి హాస్టళ్లూ ఉన్నాయి, కాదనను. తేడా తెలిసేది కాగితాల దగ్గరే. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ఏ సంస్థ అయినా 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరై ఉండాలి. లేకపోతే నడిపేవారికి ఏడాది దాకా జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అది బడికి అనుబంధ హాస్టల్ మాత్రమే అయితే ఆ బడికి గుర్తింపు ఉందా, పిల్ల పేరు ఆ రిజిస్టరులో ఉందా చూడాలి. గుర్తింపు ఉన్న బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లను ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతోంది. మీరు క్రైస్తవులు కాబట్టి మీకు అభ్యంతరం లేకపోవచ్చు. మిగతా ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల మాటేమిటో మీ ఉత్తరంలో లేదు. వారిని విడిగా అడగండి.

మీ అన్నయ్యను వెంటబెట్టుకుని, ముందు చెప్పకుండా ఒకసారి హాస్టల్‌కు వెళ్లిరండి. రిజిస్ట్రేషన్ పత్రం, హాజరు పట్టీ చూపమనండి. పిల్లతో గోడ అవతల ఎవరూ వినకుండా కాసేపు మాట్లాడండి. పత్రం చూపకపోయినా, పిల్లను కలవనివ్వకపోయినా, సెలవులకు ఇంటికి పంపబోమన్నా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి జిల్లా బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి. పిల్లను ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే టీసీ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి ఆలస్యం చేసినా, ఆ కారణంతో కింది బడిలో చేర్చుకోకుండా ఆపడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ అలాగే చెబుతోంది.