సగంలో ఆగిన నాలా పని, విదేశీ బ్యాంకు అప్పు: ఎవరిని అడగాలి?

మీ కాలనీ పక్కన నాలా వెడల్పు పని మొదలుపెట్టి సగంలో వదిలేశారు, విదేశీ బ్యాంకు అప్పుతో జరిగే పని అని కాంట్రాక్టర్ మనుషులు అంటున్నారు, ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లినా 'ఫండ్స్ రాలేదు' అనే చెబుతున్నారు, ఇంకెవరిని అడగాలి అన్నారు. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్‌లో చాలా చోట్ల నాలా పనులు జరిగాయి. మా బస్తీలోనూ జరిగింది. పద్నాలుగు నెలలు దాని వెంట తిరిగిన మనిషిగా చెబుతున్నాను.

మేం మొదట చేసిన తప్పు మీరు చేయకండి. ఎనభై మందితో సంతకాలు పెట్టించి, రెండు పేజీల నిండా మా కష్టాలన్నీ రాశాం. దోమలు, వాసన, పిల్లలు పడిపోవడం, ఆటో లోపలికి రాకపోవడం, ఏదీ వదల్లేదు. అడిగిన చోటల్లా ఇచ్చాం. అందరూ మర్యాదగానే తీసుకున్నారు. మూడు నెలలు గడిచినా గుంత గుంతలాగే ఉంది. ఏ పని, ఏ అగ్రిమెంట్, ఏ ఇంజనీరు అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. అందుకని రోడ్ల విభాగం వాళ్లు డ్రైనేజీ వాళ్లకు పంపారు, వాళ్లు మళ్లీ వీళ్లకే పంపారు.

మా గల్లీలో ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఒక్క మాట అన్నారు: 'ముందు ఎస్టిమేట్ తెప్పించు నాయనా. వాళ్లు ఏం చేస్తామని రాసుకున్నారో తెలియకుండా నువ్వేం అడుగుతావు?' మా పని దారిలో పడింది అక్కడి నుంచే.

పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. పని పేరు, మంజూరు ఉత్తర్వు, డబ్బు ఏ పద్దు నుంచి వస్తోంది, అప్పయితే ఎవరిచ్చింది, అగ్రిమెంట్, ఎస్టిమేట్, డ్రాయింగులు, ఎంబీ, అంటే చేసిన పని కొలతలు ఎక్కించే మెజర్‌మెంట్ బుక్, కాపీలు అడిగాం. ఎందుకు ఆలస్యమైంది, ఎవరిది తప్పు అని మాత్రం అడగలేదు. అలాంటి వాటికి 'సమాచారం కాదు' అని తిప్పి పంపేస్తారు. ముప్పై రోజులు దాటినా జవాబు రాలేదు. వెంటనే ఫస్ట్ అప్పీల్ వేశాం. దానికి మళ్లీ ముప్పై రోజులే గడువు, దాటనివ్వకండి. అప్పీల్ వేశాక ఫోన్ వచ్చింది, వచ్చి ఫైలు చూసుకోమని.

చాలామందికి తెలియని సంగతి ఇది. ఆ చట్టంలో సెక్షన్ 2(జె) ప్రకారం కాపీలు తీసుకోవడమే కాదు, ఫైలు కూర్చుని చూడొచ్చు, జరుగుతున్న పనిని తనిఖీ చేయొచ్చు, వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా అడగొచ్చు. ఫైలు చూడ్డానికి మొదటి గంట ఫీజు లేదు.

నేనూ, పెద్దాయనా వెళ్లాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఎంబీలో ఒక్కో పేజీ వేలితో చూపిస్తుంటే నేను రాసుకున్నాను. ఎస్టిమేట్‌లో ఇళ్ల ముందు తాత్కాలిక నడకదారికి, బారికేడ్లకు, రాత్రి లైట్లకు విడిగా లెక్క కట్టి ఉంది. బారికేడ్లు 120 మీటర్లు పెట్టినట్టు ఎంబీలో ఎక్కించేశారు. సాయంత్రం బస్తీకొచ్చి టేపు పట్టాం. ఉన్నవి 38 మీటర్లు. మిగతా చోట కర్రలకు కట్టిన ప్లాస్టిక్ రిబ్బన్, అది కూడా ఊడిపోయి బురదలో పడుంది. మేం కొలుస్తున్నప్పుడే ఎదురింటి అమ్మమ్మ పాల ప్యాకెట్ పట్టుకుని, గుంత మీద వేసిన సెంట్రింగ్ చెక్క మీదుగా దాటుతోంది. మనవడు ఆమె మోచేయి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నడకదారి డబ్బు కాగితంలో ఉంది, ఆమె కాలి కింద చెక్క ముక్క ఉంది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

రెండో ఫిర్యాదు ఒక్క పేజీలో రాశాం. ఎస్టిమేట్‌లో ఐటమ్ నంబరు, ఎంబీలో పేజీ నంబరు, మేం కొలిచిన కొలత, తేదీతో ఫోటోలు. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాకే బయటికొచ్చాం. తొమ్మిదో రోజు ఇంజనీరు వచ్చారు. నెలలోపు నడకదారి, బారికేడ్లు, లైట్లు వచ్చాయి. నాలా గోడ పూర్తి కావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. తవ్వకం వల్ల గోడలు పగిలిన రెండు ఇళ్లకు నష్టపరిహారం మాత్రం ఇంకా రాలేదు, దాని వెంట ఇప్పటికీ తిరుగుతున్నాం.

ఇక మీ విదేశీ అప్పు సంగతి. నిజంగా అప్పుందో లేదో ముందు తేల్చుకోండి, కాంట్రాక్టర్ మనుషుల మాట పట్టుకుని పోకండి. ప్రపంచ బ్యాంకు, ఏడీబీ, అంటే ఆసియా అభివృద్ధి బ్యాంకు, తాము అప్పిచ్చిన ప్రాజెక్టుల పత్రాలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఉందని తేలితే, ఆ ప్రాజెక్టుకంటూ ఒక ఫిర్యాదుల వ్యవస్థ స్థానికంగా ఉండి తీరాలి, అది అప్పు షరతుల్లో భాగమే. మొదట అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి. పని జరగకపోతే పైమెట్టు ఉంది. ప్రపంచ బ్యాంకుకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పిచ్చిన నర్మద డ్యాముకు వ్యతిరేకంగా నిర్వాసితులు చేసిన ఉద్యమం దెబ్బకే 1993లో అది పుట్టింది. ఏడీబీకి అకౌంటబిలిటీ మెకానిజం ఉంది. నష్టపోయినవాళ్లు ఇద్దరుంటే చాలు ఫిర్యాదు పెట్టొచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు, పేర్లు బయటపెట్టొద్దని కోరవచ్చు. బ్యాంకు సిబ్బందితో ముందు మాట్లాడి చూశామన్న ఆధారం అడుగుతారు కాబట్టి మీరు పంపిన ప్రతి ఈమెయిల్ దాచుకోండి. అప్పు డబ్బు విడుదల చేసే గడువు ముగిసి ఎక్కువ కాలమైతే తీసుకోరు. ప్యానెల్‌కు ఆ గడువు 15 నెలలు.

వాటి మీద మరీ ఎక్కువ ఆశ కూడా పెట్టుకోవద్దు. అవి బ్యాంకు తన నియమాలు తాను పాటించిందా అని చూస్తాయి, కోర్టులా ప్రభుత్వానికి ఆదేశాలివ్వలేవు. అమరావతి రాజధాని ప్రాజెక్టు విషయంలో 2017లో కొందరు రైతులు ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. 2019 జూలైలో కేంద్రం అప్పు ప్రతిపాదన వెనక్కి తీసుకోవడంతో బ్యాంకు ఆ ప్రాజెక్టే వదిలేసింది. ఫిర్యాదు చేసినవాళ్లకు చివరిదాకా విచారణ అందలేదు.

మీ కాలనీ చివర గుడిసెలున్నాయని రాశారు, వాళ్ల గురించి గట్టిగా చెప్పాలి. పట్టా లేనివాళ్లు నోరు తెరిస్తే ఉన్నది కూడా పోతుందేమోనని వణుకుతారు. మా దగ్గరా సంతకం పెట్టడానికి భయపడింది వాళ్లే. ప్రపంచ బ్యాంకు అప్పు ఉన్న ప్రాజెక్టయితే, భూమి మీద హక్కు లేకపోయినా కట్టుకున్న ఇంటికి పరిహారం ఇవ్వాలి, వేరే చోట నిలదొక్కుకోవడానికి సాయం చేయాలి అని బ్యాంకు నియమాల్లోనే ఉంది. వాళ్లను పక్కన పెట్టి కాలనీ అసోసియేషన్ పేరుతో మాత్రమే ఫిర్యాదు చేయకండి, చాలా అన్యాయం అవుతుంది.

ఇంటి గోడ మీద రంగుతో గుర్తు వేసి వెళ్తే కంగారుపడి ఖాళీ చేయకండి. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఇళ్ల మీద, నది గర్భంలో ఉన్నాయని గుర్తుగా 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసినప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం కదా. పట్టా ఉన్న భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ రావాలి, సెక్షన్ 15 ప్రకారం 60 రోజుల్లోపు అభ్యంతరాలు రాసివ్వొచ్చు. ఈలోగా ఎవరైనా 'ఊరికే అటెండెన్స్ కోసం' అంటూ ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి.

రేపు పొద్దున్నే వెళ్లి పని దగ్గరున్న బోర్డు ఫోటో తీయండి. బోర్డు లేకపోతే లేదని తెలిసేలా ఆ చోటు ఫోటో తీయండి. పని పేరు, అంచనా విలువ, ఏజెన్సీ పేరు దొరికితే నాకు రాయండి, దరఖాస్తులో ఏం అడగాలో కూర్చుని తయారు చేసి పంపుతాను. మా పెద్దాయన కూడా చూస్తానన్నారు.