చేతిలో బటన్ ఫోను, ఇంట్లో స్మార్ట్‌ఫోను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రీల్స్ చూసే అలవాటు మానుకోవాలని పన్నెండొందలు పెట్టి బటన్ ఫోను కొన్నాను. నా జియో సిమ్ అందులో వేస్తే సిగ్నలే రావడం లేదు. అంగడాయన ఫోను బాగానే ఉందంటున్నాడు. అదే సిమ్ పాత ఫోనులో వేస్తే చక్కగా పనిచేస్తోంది. తప్పు ఎవరిది?
– ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ఫోనుదీ కాదు, సిమ్‌దీ కాదు. ఆ రెండింటికీ జోడీ కుదరలేదు, అంతే. మీరు కొన్నది 2జీ ఫోను. జియోకు 2జీ, 3జీ లేనే లేవు. మామూలు కాల్ కూడా 4జీ మీద, వోల్టీ పద్ధతిలోనే పోతుంది. కాబట్టి జియో సిమ్‌కు డబ్బా మీద ‘4జీ వోల్టీ’ అని రాసివున్న బటన్ ఫోనే కావాలి. మీరు కొన్న ఫోనులో ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు పనిచేస్తాయి. 2023లో ₹999 ధరతో వచ్చిన జియో భారత్ ఫోనుది ఇంకో సంగతి. అది జియో సిమ్ తప్ప మరొకటి తీసుకోదు. రేపు కంపెనీ మారదామనుకుంటే ఫోను కూడా మార్చాల్సిందే.

అంగడాయన తిరిగి తీసుకుంటే 4జీ ఫోనుకు మార్చుకోండి. ఒప్పుకోకపోతే నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయించుకోవచ్చు. PORT అని టైపు చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కు మెసేజ్ పంపండి. వచ్చిన కోడ్ మన దగ్గర 4 రోజులే చెల్లుతుంది. ఇక్కడ వరుస తప్పితే చిక్కు. ముందు పాత కంపెనీలో సిమ్ మార్పించుకుని, తరువాత పోర్ట్‌కు పోతే 2024 జులై నుంచి వచ్చిన నిబంధన ప్రకారం 7 రోజులు ఆగమంటారు. పోర్ట్ చేస్తే ఎలాగూ కొత్త సిమ్ ఇస్తారు కాబట్టి నేరుగా దానికే పొండి.

మీ స్మార్ట్‌ఫోను సిమ్ నానో సైజుది. చాలా బటన్ ఫోన్లలో స్లాటు పెద్దది. అంగట్లో పదో ఇరవయ్యో తీసుకుని ప్లాస్టిక్ అడాప్టర్ ఇస్తారు. సిమ్ లేకుండా ఖాళీ అడాప్టర్‌ను మాత్రం స్లాటులోకి తోయకండి. లోపలి పిన్నులు ఆ కంతలో ఇరుక్కుంటాయి. బయటికి లాగితే పిన్ను వంకర పోతుంది, స్లాటు మార్చాల్సి వస్తుంది. అదే కంపెనీలో ఉండేవాళ్ళు షోరూములో సిమ్ మార్పించుకోవడం మేలు. కొత్త సిమ్ మూడు సైజుల్లో విరుచుకునేలా వస్తుంది, చిన్న ముక్క విరవకుండా పెద్దదిగానే వేసుకోండి. అయితే సిమ్ మార్చాక 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు. ఓటీపీ కూడా రాదు. లోను కంతు కట్టే రోజు, కాలేజీ ఫీజు కట్టే రోజు ఈ పని పెట్టుకోవద్దు. ఈసిమ్ వాడేవాళ్ళు ముందు మామూలు సిమ్‌కు మారాలి. బటన్ ఫోన్లు ఈసిమ్‌ను తీసుకోవు.

వాడిన ఫోను కొంటుంటే డబ్బులిచ్చే ముందే *#06# కొట్టండి. తెరమీద 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. KYM అని, ఖాళీ వదిలి, ఆ అంకెలు రాసి 14422కు పంపితే ఫోను సంగతి చెబుతుంది. బ్లాక్ అయిందనో, ఆ నంబరు ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే ఎంత చవకైనా వదిలేయండి.

ఇంకో మాట. బటన్ ఫోను కొని మళ్ళీ పాత ఫోనుకు పోయేవాళ్ళు చాలావరకు రీల్స్ కోసం పోరు, ఓటీపీ కోసమో డబ్బు పంపడం కోసమో పోతారు. ఒకసారి చేతిలోకొచ్చాక రీల్స్ వాటంతటవే తెరుచుకుంటాయి. అందుకే సిమ్ తీసేముందే స్మార్ట్‌ఫోనులో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీలో బ్యాకప్ కోడ్‌లు (ఓటీపీ రానప్పుడు గూగుల్ ఖాతాలోకి పోనిచ్చేవి) తీసుకోండి. 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బ్యాంకు పాసుబుక్కులో పెట్టుకోండి. రీఛార్జ్‌కు డేటా లేని ప్లాన్ అడగండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరి నుంచి అన్ని పెద్ద కంపెనీలూ కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇస్తున్నాయి. అంగడాయన తనంతట తాను చెప్పడు.

ప్రశ్న: ఫోన్‌పే లేకుండా కావలిలో టీ కూడా తాగలేం. బటన్ ఫోనుతో డబ్బు పంపొచ్చంటున్నారు, నిజమేనా? ఎట్టా?
– బట్టల దుకాణంలో గుమాస్తా, కావలి

జవాబు: నిజమే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది బటన్ ఫోన్ల కోసమే. ఒక్కసారికి ₹10,000 దాకా పంపొచ్చు. బ్యాంకు ఖాతాకు జోడించిన సిమ్ బటన్ ఫోనులోనే ఉండాలి, అది మొదటి షరతు. 080 4516 3666కు కాల్ చేస్తే భాష ఎంచుకోమంటుంది. తరువాత బ్యాంకు పేరు చెప్పాలి. ఇదివరకే యూపీఐ పిన్ ఉంటే అదే పనిచేస్తుంది, ఎందుకంటే పిన్ యాప్‌ది కాదు, ఖాతాది. లేకపోతే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు నెల, సంవత్సరం దగ్గర పెట్టుకుని కొత్తగా పెట్టుకోవాలి.

రెండో దారి *99#. కాల్ బటన్ నొక్కితే మెనూ వస్తుంది. 1 నొక్కితే డబ్బు పంపడం, 3 నొక్కితే బ్యాలెన్సు. దీని పరిమితి ₹5,000. జియో సిమ్‌లో దీన్ని నమ్ముకోవద్దు, వాళ్ళు కాల్ పద్ధతే వాడుకోవాలి. *99# మెనూ ఎక్కువసేపు ఆగదు. అవతలి వాళ్ళ నంబరు వెతుక్కునేలోపు తెర మూసుకుపోతుంది. నంబరు కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోతే వెంటనే మళ్ళీ పంపకుండా ముందు బ్యాలెన్సు చూడండి. రెండుసార్లు డబ్బు పోయేది అక్కడే.

టీ అంగడి సంగతికొస్తే, క్యూఆర్ బొమ్మను ఈ ఫోను చదవలేదు. అంగడాయన ఫోను నంబరుకు పంపాలి. అలా పంపిన డబ్బు ఆయన సొంత ఖాతాకు పోతుంది. క్యూఆర్ ఖాతా వేరే అయితే గల్లాపెట్టె మీది స్పీకరు పలకదు. ఆయన ‘రాలేదు’ అంటాడు, మీరు ‘పంపాను’ అంటారు, వెనకాల వరుస పెరుగుతుంది. మా సలహా ఒక్కటే. వందలోపు ఖర్చులకు జేబులో పది, ఇరవై నోట్లు పెట్టుకోండి. సూపర్‌మార్కెట్లో, పెట్రోలు బంకులో డెబిట్ కార్డు వాడండి. ట్యాప్ చేసే కార్డుకు ₹5,000 వరకు పిన్ కూడా అక్కర్లేదు. అందుకే దాన్ని ఎక్కడపడితే అక్కడ వదలకండి. 123పే ఊళ్ళో ఇంటికి డబ్బు పంపడానికి, గ్యాసుకు, రీఛార్జ్‌కు ఉంచుకోండి.

ఇంకా ఒకటి. బటన్ ఫోనులో పిన్ కొట్టేటప్పుడు అంకెలు తెరమీద పెద్దగా కనిపిస్తాయి. పక్కన మనిషి లేనప్పుడు కొట్టండి. డబ్బు మీకు రావడానికి పిన్ కొట్టమని ఎవరన్నా అడిగితే ఫోను పెట్టేయండి.

ప్రశ్న: నాకు ఆరు ఎకరాల రొయ్యల గుంటలున్నాయి. కౌంట్ రేట్లన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే వస్తాయి. రేటు చూద్దామని తెరిస్తే గంట పోతుంది. సెల్లు మారిస్తే రేటు తెలీదు, మార్చకపోతే కన్ను మూతపడదు. ఏం చేసేది?
– ఆక్వా రైతు, అల్లూరు మండలం

జవాబు: మీకు రెండు నంబర్లు కావాలి. అందరికీ తెలిసిన పాత నంబరు, బ్యాంకు నంబరు బటన్ ఫోనులోకి. కొత్తగా ఒక సిమ్ తీసుకుని స్మార్ట్‌ఫోనులో వేసి, దాన్ని ఇంట్లోనే పెట్టండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘నంబరు మార్చు’ అనేది ఉంది. పాత నంబరు నుంచి కొత్తదానికి మారితే మీ గ్రూపులన్నీ వెంటే వస్తాయి, కావాల్సిన వాళ్ళకు మారిన సంగతి అదే తెలియజేస్తుంది. మార్చేటప్పుడు పాత నంబరు సిమ్ ఇంకా దగ్గర ఉండాలి.

సిమ్ బటన్ ఫోనులో పెట్టి వాట్సాప్ మాత్రం వైఫై మీద పాత నంబరుతోనే నడిపిద్దామని చాలామంది చూస్తారు. ఇన్నాళ్ళు నడిచింది. 2025 నవంబరులో టెలికాం శాఖ, ఖాతా ఏ నంబరుదో ఆ సిమ్ అదే ఫోనులో ఉండాలని మెసేజింగ్ యాప్‌లకు ఆదేశమిచ్చింది. ఇప్పుడు కొత్తగా ఏర్పాటు చేసుకునేవాళ్ళు ఆ దారిలో పోకపోవడమే మంచిది. ‘వాట్సాప్ ఉన్న బటన్ ఫోను’ అని ఎవరన్నా అంటగడితే కూడా తీసుకోవద్దు. అలాంటి ఫోన్లు నడిచే కైఓఎస్ సాఫ్ట్‌వేర్‌లో వాట్సాప్‌ను కొత్తగా దింపుకునే వీలు 2024 జూన్ చివర్లోనే తీసేశారు.

రేట్ల విషయం. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంట్, 50 కౌంట్, 30 కౌంట్ రేటు గంటగంటకూ మారదు. పట్టుబడి దగ్గర పడినప్పుడు తప్ప, సాయంత్రం ఒకసారి ఇంటికెళ్ళి చూసుకుంటే సరిపోతుంది. పట్టుబడి వారంలో మాత్రం ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళ దగ్గర నేరుగా ఫోనులో రేటు అడగండి. గ్రూపులో పెట్టే రేటుకు, గుంట దగ్గరకొచ్చి చెప్పే రేటుకు ఎంత తేడా ఉంటుందో మీకు మేం చెప్పనక్కర్లేదు.

గుంట దగ్గరైతే బటన్ ఫోనే నయం. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కబురు చెప్పే జీఎస్ఎం (సిమ్‌తో నడిచే) అలారం పెట్టెలు ఉన్నాయి. అవి యాప్ లేకుండా మామూలు కాల్‌తోనే లేపుతాయి. వాటిలో చాలావరకు 2జీవి, కాబట్టి జియో సిమ్ వేస్తే పలకవు. మోటారును కాల్ చేసి ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లదీ ఇదే కథ. ఆ పెట్టె సిమ్‌కు గడువు అయిపోతే అలారం మోగదు. రీఛార్జ్ తేదీని మేత లెక్క రాసే పుస్తకంలోనే రాసిపెట్టుకోండి. ఉప్పుగాలికి బటన్ ఫోను బ్యాటరీ దగ్గర పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఫోను ఆగి ఆగి వెలుగుతుంటే బ్యాటరీ తీసి, పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత సరిగా పట్టకపోతే ఆ రోజే మార్చండి.

ప్రశ్న: పిల్లల, గర్భిణుల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది కాబట్టి మాకు స్మార్ట్‌ఫోను తప్పదు. పని కోసం తీసిన ఫోను రాత్రి పదకొండు దాకా చేతిలోనే ఉంటోంది.
– అంగన్‌వాడీ కార్యకర్త, ఆత్మకూరు

జవాబు: మీరు ఫోను మార్చలేరమ్మా, ఉన్న ఫోనునే మొద్దుగా చేసుకోవాలి. ఫోను సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్‌లకు టైమర్ పెట్టమని అందరూ చెబుతారు. అది ఎక్కువ రోజులు నిలవదు. గడువు పెట్టిన వేలే దాన్ని తీసేస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తీసేయండి. యూట్యూబ్ చాలా ఫోన్లలో తీసివేయడానికి రాదు. యాప్ మీద నొక్కిపట్టి, యాప్ సమాచారంలోకి వెళ్ళి డిసేబుల్ చేయండి. ట్రైనింగు వీడియోల కోసం అది ఉండాల్సిందే అంటే, వాచ్ హిస్టరీ మొత్తం తుడిచి ఆపేయండి. మొదటి పేజీలో సిఫార్సులు రావు, వెతికితేనే వీడియో వస్తుంది. ప్లే స్టోర్, గూగుల్ ప్లే సర్వీసెస్, కెమెరా, లొకేషన్ జోలికి మాత్రం పోవద్దు. ట్రాకర్‌కు అప్‌డేట్లు రావాలి, ముఖ గుర్తింపుకు కెమెరా కావాలి. ప్లే స్టోర్‌కు యాప్ లాక్ పెట్టి ఆ పిన్ ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. ఫోనును పడకగదిలో కాకుండా వంటింటి ప్లగ్గులో చార్జింగ్ పెట్టండి. పొద్దున లేవడానికి గడియారం అలారం ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. స్మార్ట్‌ఫోను తీసేసి బటన్‌ది ఇచ్చాం. రెండు రోజులు అన్నం తినలేదు. మళ్ళీ ఇచ్చేయాలా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: ఇవ్వద్దు. కానీ ఒక్క రాత్రిలో లాక్కోవడం కూడా సరికాదు. కాలేజీ మెసేజ్‌లు, హాల్‌టికెట్లు మీ ఫోనుకు వచ్చేలా చేసి, సాయంత్రం ఒక గంట మీ ఎదురుగా హాల్లో చూసుకోమనండి. మెమరీ కార్డు పడే బటన్ ఫోను కొన్నారేమో చూడండి. 32 జీబీ కార్డులో సినిమాలు నింపుకుని దుప్పటి కింద చూసే పిల్లలు ఉన్నారు. చిరాకు కొన్ని రోజుల్లో తగ్గాలి. రెండు వారాలైనా తిండి, నిద్ర కుదరకపోయినా, ఇంట్లో డబ్బు కనిపించకుండా పోతున్నా, అది మారాం కాదు. ఆటలోనో పందేల్లోనో ఇరుక్కున్నాడేమో కనుక్కోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా, బటన్ ఫోను నుంచైనా ఉచితంగా కాల్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగంలో చూపించవచ్చు.

ప్రశ్న: స్మార్ట్‌ఫోనులో ఉన్న పేర్లన్నీ బటన్ ఫోనులోకి ఎలా తేవాలి? సిమ్‌లోకి ఎక్కిస్తే సగం పేర్లు తెగిపోయాయి.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సింగరాయకొండ

జవాబు: సిమ్‌లో మామూలుగా 250 నంబర్ల వరకే పడతాయి మాస్టారూ. ఒక పేరుకు ఒకటే నంబరు. పేరుకు ఇచ్చే చోటు కూడా చిన్నదే. తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కంటే రెట్టింపు చోటు పడుతుంది, ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి. అందుకే ‘వెంకటేశ్వర్లు బావ’ కాస్తా ‘వెంకటే’ దగ్గర ఆగిపోయి ఉంటుంది. బటన్ ఫోనులో బ్లూటూత్ ఉంటే స్మార్ట్‌ఫోను కాంటాక్ట్స్‌లో కావాల్సిన పేర్లు ఎంచుకుని, షేర్ నొక్కి బ్లూటూత్‌లో పంపండి. అవి ఫోను మెమరీలోకి పోతాయి, పేరు తెగదు. ఒకేసారి అన్నీ పంపితే కొన్ని ఫోన్లు మొదటి పేరు మాత్రమే తీసుకుంటాయి. ముందు ఐదు పంపి చూడండి. అసలు రోజూ కాల్ చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? యాభై పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో ఎక్కించుకోవడం ఒక మధ్యాహ్నం పని. పనిమనిషి, ఎలక్ట్రీషియను, కరెంటు ఫిర్యాదుకు 1912, అత్యవసరానికి 112 మొదట ఎక్కించండి. పాత ఫోనును బీరువాలో పెడుతుంటే ఛార్జింగ్ సగం ఉంచి ఆపేసి పెట్టండి. పూర్తిగా సున్నాకు దిగిన బ్యాటరీ నెలల తరబడి అలాగే ఉంటే మళ్ళీ ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు.