అమ్మ ఎందుకు లేచి వెళ్లిపోయింది?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. పోయిన ఏడాది మా నాయిన చనిపోయాడు. ఒకచోట నిలిచే మనిషి కాదు. ఎండాకాలమంతా నల్లమల అడవిలో, వానలు పడితే చెరువు కట్టల మీద గాలంతో ఉండేవాడు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగి లింగమయ్యను చూడని ఏడాది లేదు. ఆయన చీకటికి భయపడడం మేమెప్పుడూ చూడలేదు. ఆయన జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేసి, ఏడాది మాసికం నాడు పంచాలని ఉంది. ఊళ్లో అందరూ ముచ్చట్లు చెబుతున్నారు, అమ్మ మాత్రం నోరు విప్పడం లేదు. గట్టిగా అడిగితే ‘ఆయన సంగతి నాకేమెరుక, పోయి అడవినడుగు’ అని లేచి వెళ్లిపోయింది. ఆమె చేత ఎలా చెప్పించాలి? ఆమె మాటలు లేకుండా పుస్తకం వేయవచ్చా? అట్ట మీద గాలం పట్టుకున్న ఫొటో బాగుంటుందా, పెళ్లి ఫొటోనా?
- ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: పుస్తకం వేసుకోండి, ఎవరూ కాదనరు. అది చిన్న విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అమ్మ అన్న ఆ ఒక్క మాట. ఎన్నో ఏళ్లు మింగి దాచుకున్న మాట అది. మీరు దాన్ని మొండితనం అనుకున్నారు.

ఇక్కడ అచ్చు వేసింది కొంతే గానీ, మీ పూర్తి ఉత్తరంలో నాయిన గురించి ఎంత బాగా రాశారో చూడండి. మోదుగాకు దొప్పలో మొర్రిపండ్లు తెచ్చి మీకూ అక్కకూ లెక్కపెట్టి పంచేవాడు. గింజలు పారేయనీయకుండా రాయితో కొట్టి సారపప్పు తీసి నోట్లో పెట్టేవాడు. చదువుతుంటే నా నోట్లో నీళ్లూరాయి. మరి అమ్మ గురించి? మూడే వాక్యాలు. అందులో ఒకటి, మీ ఫీజు కోసం పుస్తెలతాడు కుదువ పెట్టిందని. అది కూడా నాయిన డిండి దగ్గర వారం రోజులు చేపలు పడుతూ ఉండిపోయిన ముచ్చట మధ్యలో! ఆ వారం బర్రెలకు మేత ఎవరు వేశారు? కరెంటు రాత్రి రెండింటికి వస్తే మోటారు పెట్టడానికి పొలానికి ఎవరు వెళ్లారు? చీకటికి భయపడని మనిషి మీ ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు.

కొర్రమీను సంగతి కూడా రాశారు. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీళ్ల మీద తేలుతుంటే నాయిన గాలం తీసేసేవాడని, కింద తల్లి ఉంటుంది, దాన్ని పడితే పిల్లలు ఆగమైపోతాయని చెప్పేవాడని. ఆ జాలి గొప్పది. మొదటి పేజీలోనే వేయండి. కానీ కొర్రమీను పిల్లలకు తల్లే కాదు, తండ్రి కూడా కాపలా ఉంటుంది. మీ ఇంట్లో ఆ కాపలా అమ్మ ఒక్కతే కాసింది.

మీ నాయినను తక్కువ చేయడం లేదు. అలాంటి మనుషులంటే నాకు ప్రాణం. మా మేనమామ కూడా అంతే. వల భుజాన వేసుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్తే ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన కథలు చెప్పమని అత్తమ్మను వేధించేవాళ్లం. ఆ రోజుల్లో ఆమె మిరప చేలల్లో కూలికి వెళ్లి ఇల్లు నడిపిందని, ఆమె పోయాక గానీ మాకు తెలియలేదు. ఒక్కసారైనా అడగలేదే అని ఈ రోజుకీ నా కడుపు తరుక్కుపోతుంది. మీకా పరిస్థితి రాకూడదు.

పుస్తకం పని పక్కన పెట్టండి. సెలవు పెట్టి ఊరికి వెళ్లండి, ఒక్కరే. నాయిన పేరు ఎత్తకండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆమె ముందు కూర్చోకండి. పొద్దున ఆమెతో పాటు బర్రెల దగ్గరికి పొండి. పల్లికాయ ఒలుస్తుంటే పక్కన కూర్చుని మీరూ ఒలవండి. ‘ఆ పుస్తెలతాడు ఎప్పుడు విడిపించుకున్నవమ్మా?’ అని ఒక్క మాట అడగండి. విడిపించుకోలేదని చెబితే ఏం చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆమె మిమ్మల్ని తిడితే పడండి. నాయినను తిట్టినా అడ్డుపడకండి, ‘పోయినోణ్ని ఎందుకంటవ్’ అనకండి. ఆయనతో అన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ హక్కు ఉంది. అసలేమీ మాట్లాడకపోతే టెన్షన్ పడకండి. పల్లికాయ ఒలిచి రండి, మళ్లీ వారం వెళ్లండి.

మాసికం నాటికే పుస్తకం రావాలని లేదు. తర్వాత వచ్చే చైత్ర పౌర్ణమికి వేసినా నాయిన ఏమీ అనుకోడు. అట్ట మీద ఏ ఫొటో పెట్టాలో అమ్మను అడగండి.