ఆ ఫైలు ఎవరికీ ఇవ్వకమ్మా

శైలూ,

పురిట్లో నీ పండుగాడి చెయ్యి దెబ్బతిన్నందుకు ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తానన్నావట. తమ్ముడు ఫోన్ చేసి భయపడుతూ చెప్పాడు. "వెయ్యనీరా" అన్నాను గానీ, రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ముందు చెయ్యి చూడు, కేసు తర్వాత. నలుగు పెట్టే ఆవిడని ఆ చెయ్యి లాగనివ్వకు. ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా మానకు. పురిట్లో తల మీద కట్టిన నెత్తురు బుడిపె, విరిగిన కాలర్ బోన్ (మెడ కింద, భుజం దాకా ఉండే ఎముక) వాటంతటవే తగ్గుతాయి. భుజం దగ్గర నరాలు సాగినా చాలామంది పిల్లలు కోలుకుంటారు. కానీ మూడో నెల నిండేసరికి మోచెయ్యి మడవకపోతే, నరాల ఆపరేషన్లు చేసే సర్జన్‌కి చూపించాల్సిందే. "ఏడాది ఆగండి" అంటే వినకు. మేం విన్నాం.

1996లో మీ బావ నాలుగు కిలోల పైనే పుట్టాడు. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంది, లాగారు. "చెయ్యి కాస్త నీరసం, సర్దుకుంటుంది" అన్నారు. పదకొండో రోజున మీ నాయనమ్మ చేతిలోంచి ఇత్తడి చెంబు జారిపడింది. వాడు ఉలిక్కిపడి కుడిచెయ్యి గాల్లోకి ఎత్తాడు. ఎడమది తడిగుడ్డలా పక్కనే పడి ఉంది.

మీ మామయ్య గొడవకి వెళ్లబోతే, దూరపు బంధువు ఒకాయన అడ్డుపడ్డాడు. "డాక్టరుగారితో నేను మాట్లాడతా, కాగితాలిలా ఇవ్వండి" అన్నాడు. ఫైలంతా ఇచ్చేశాం. జిరాక్సన్నా తీయించలేదు. మీ మామయ్య నెలకోసారి వెళ్లేవారు. ఆయన కాఫీ ఇచ్చి "సంక్రాంతి వెళ్లనివ్వండి" అనేవాడు. అలా రెండు సంక్రాంతులు వెళ్లిపోయాయి. మూడో ఏట లాయరుగారి దగ్గరికి పోతే, ఆయన మొదట పుట్టిన తేదీ అడిగారు, తర్వాత ఫైలు. కేసు వేసే రెండేళ్ల గడువు దాటింది, ఫైలేమో లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పిందట. మాకెవరు చెప్పారు? నర్సింగ్ హోమ్‌లో అడిగితే పాత రికార్డులు లేవన్నారు.

మీ బావ పెళ్లిలో తలంబ్రాలు ఒక్క చేత్తోనే పోశాడు. అందరూ నవ్వుతుంటే నేను వంటవాళ్లతో పనుందని పక్కకెళ్లాను.

అందుకే చెబుతున్నా. కేస్‌షీట్ కాపీలు కావాలని ఆసుపత్రికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకున్న నియమావళే చెబుతోంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నువ్వుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. లాయరు ఖర్చుకి వెనకాడకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. రెండేళ్లుంది కదా అని కూర్చోకు.

ఇంకో మాట, కోప్పడకు. భుజం ఇరుక్కోవడం ఎంత మంచి డాక్టరు చేతిలోనైనా జరగొచ్చు. నీకు షుగరుందని తెలిసీ ముందు ఏం జాగ్రత్తపడ్డారు, ఇరుక్కున్నాక ఏం చేశారు, ఎవర్ని పిలిచారు, కేస్‌షీట్‌లో ఏం రాశారు, కేసంతా అక్కడే ఉంటుంది. వేరే డాక్టరు అభిప్రాయం కాగితం మీద తీసుకో. అల్లుడుగారు ఆ డాక్టరమ్మ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి తిట్టాడట కదా, ముందది తీసేయమను. మతి ఉందా అతనికి? అరిచే ఓపికుంటే ఆ రోజు జరిగిందంతా గంటలతో సహా రాసి పెట్టమను, మర్చిపోతారు.

ఆదివారం వస్తున్నా. ఫైలు మూడు జిరాక్సు సెట్లు తీయించు, ఒకటి నా బీరువాలో ఉంటుంది. నువ్వు వేళకి తింటున్నావా? పండుగాడికి జుబ్బా తొడిగేటప్పుడు ఆ చెయ్యి ముందు దూర్చు, విప్పేటప్పుడు చివర తియ్యి. మీ బావ ఇప్పటికీ అలాగే తొడుక్కుంటాడు.

మీ అత్తయ్య