మా మేనత్త ఏ లెక్కలోనూ లేదు

మానసిక రుగ్మతలు పూర్వం కంటే ఇప్పుడు పెరిగాయా అని అడిగితే చాలామంది పెరిగాయనే చెబుతారు. సెల్‌ఫోన్లను, ఐటీ ఉద్యోగాలను, ఉమ్మడి కుటుంబాలు చెదిరిపోవడాన్ని కారణాలుగా చూపుతారు. నేను దీనిని ఒప్పుకోను. చాలా ఏళ్లుగా బెంగళూరులో ఉంటూ, మా ఇంటి మనిషిని ఇక్కడి జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: పూర్వం లేవనుకుంటున్న జబ్బులు పూర్వమూ ఉన్నాయి, వాటిని గదుల్లో దాచారు.

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. మా మేనత్తకు ఇరవై ఏళ్లు దాటుతుండగా, మిద్దె మీద ఎవరో కూర్చుని తన గురించే మాట్లాడుకుంటున్నారనే అనుమానం పట్టుకుంది. రాత్రివేళ లేచి, పైకప్పు వైపు చూస్తూ వారికి సమాధానాలు చెప్పేది. అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేసేది. గాలి సోకిందని కొందరు, ఎవరో చేయించారని కొందరు అన్నారు. తాయెత్తులు కట్టించారు, దర్గాలో నిద్ర చేయించారు, వేపమండలతో కొట్టించారు కూడా. కుదిరిన పెళ్లి తప్పిపోయాక పశువుల కొట్టం పక్క గదే ఆమెకు ఇల్లయింది. ఇంట్లో శుభకార్యం జరిగితే, చెల్లెళ్లకు వచ్చే సంబంధాలు చెడిపోతాయనే భయంతో ఆ గదికి బయటి నుంచి గొళ్లెం పెట్టేవారు.

నాకు ఉద్యోగం వచ్చాక మా నాయనను ఒప్పించి, ఆమెను హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు తీసుకొచ్చాను. ఓపీ వరుసలో మా ముందూ వెనుకా అనంతపురం, కర్నూలు, చిత్తూరు యాసలే వినిపించాయి. డాక్టరు "ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందండీ?" అని అడిగితే, మా నాయన తల వంచుకుని నన్ను చూపించి, "అప్పటికి వీడు ఇంకా పుట్టలేదు సార్" అన్నాడు. ఆ రోజు ఆమె పేరున కొత్త ఫైలు తెరిచారు. అంటే ఆస్పత్రి లెక్కల ప్రకారం ఆ ఏడాది స్కిజోఫ్రీనియా రోగి ఒకరు కొత్తగా చేరినట్లే. ఆ జబ్బు వయసేమో నా వయసు కంటే ఎక్కువ!

మందులు పడ్డాక కొన్ని నెలలకు మిద్దె మీది మాటలు తగ్గాయి. ఒక పండుగనాడు ఆమె అందరితో పాటు పంక్తిలో కూర్చుని, వడ్డించిన అన్నాన్ని ఏ అనుమానమూ లేకుండా తిన్నది. ఆ తర్వాతే అసలు చిక్కు మొదలైంది. "బాగైంది కదా, ఇంకా ఆ మత్తు మాత్రలెందుకు?" అని ఊళ్లో ప్రతివారూ సలహా ఇచ్చేవారే. బీపీ మాత్ర మానెయ్యమని ఎవరికీ చెప్పనివారు ఈ మాత్రల విషయంలో మాత్రం వైద్యులైపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇక అంకెల సంగతి. ప్రపంచంలో మానసిక రుగ్మతలున్నవారు 1990లో సుమారు 65 కోట్లు, 2019లో సుమారు 97 కోట్లు అని అంతర్జాతీయ అధ్యయనం లెక్క తేల్చింది. ఈ రెండు అంకెలు చూసి గుండెలు బాదుకునేవారు, ఆ కాలంలో జనాభా కూడా దాదాపు అదే మేరకు పెరిగిందనీ, వయసుల తేడాను సరిచేసి చూస్తే రేటు దాదాపు మారలేదనీ అదే అధ్యయనం చెప్పిన సంగతిని వదిలేస్తారు. కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటను నేను కాదనను. అది ఒక విపత్తు తెచ్చిన పెరుగుదల.

మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. నిమ్హాన్స్ ఓపీలో అంత తెలుగు వినిపిస్తుంటే మన రాష్ట్రాలు లెక్కకు రాకపోవడం నాకు మింగుడుపడదు.

"మా కాలంలో ఇవి లేవు" అనే పెద్దలు ఏర్వాడిని గుర్తు తెచ్చుకోవాలి. తమిళనాడులోని ఆ ఊళ్లో, దర్గాలో నయమవుతుందనే నమ్మకంతో వదిలివెళ్లిన రోగులను గొలుసులతో కట్టి ఉంచగా, 2001 ఆగస్టు 6న పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. అప్పట్లో వారి ఊళ్లలో సెల్‌ఫోన్లు, ఐటీ కొలువులు ఉన్నాయా?

2022 అక్టోబరులో మొదలైన, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి వచ్చే ఫోన్లు ఎక్కువైతే, రోగులు పెరిగిపోయారని మళ్లీ మొదలుపెట్టేవారు ఉంటారు. ఫోన్ చేసినవారికి ఆ బాధ ఎప్పటి నుంచి ఉందో ముందు కనుక్కుని, ఆ తర్వాత మాట్లాడమని వారిని కోరుతున్నాను.